ప్రైవేటు పాఠశాలలో వార్షికోత్సవం, పండుగ వేడుకలు: పిల్లలందరూ పాల్గొనేలా నిర్వహించే పద్ధతి

ప్రైవేటు పాఠశాలల్లో సాంస్కృతిక కార్యక్రమాల బాధ్యతను సాధారణంగా తెలుగు పండితులకో, బాగా పాడతారని పేరున్న ఉపాధ్యాయినికో అప్పగిస్తారు. కరస్పాండెంటు గారు తేదీ నిర్ణయించి, ముఖ్య అతిథిని ఆహ్వానించి, టెంట్ హౌస్‌కు బయానా ఇచ్చిన తరువాత గానీ ఆ బాధ్యత వారి చేతికి రాదు. అప్పటికి మిగిలేది మూడు నాలుగు వారాలు. ఆ తొందరలో బయటి నుంచి డ్యాన్స్ మాస్టారును పిలిపించి, పది పన్నెండు సినిమా పాటలకు వంద మంది పిల్లలతో అడుగులు వేయించి, మిగిలిన ఏడు వందల మందిని చప్పట్లు కొట్టడానికి కూర్చోబెట్టడం తప్ప వేరే మార్గం కనిపించదు. ఆ పరిస్థితి రాకుండా చూసుకోవాలనుకునే ఉపాధ్యాయుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఒక మోస్తరు పట్టణంలో, నర్సరీ నుంచి పదో తరగతి వరకు సుమారు ఎనిమిది వందల మంది చదివే పాఠశాలను దృష్టిలో పెట్టుకున్నాను. అంతకన్నా చిన్న బడికి ఈ పద్ధతి మరింత సులువుగా కుదురుతుంది.

అన్నింటికన్నా ముందు యాజమాన్యంతో కూర్చుని తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: ఈ కార్యక్రమం ఎవరి కోసం? వచ్చే ఏడాది అడ్మిషన్ల ప్రచారం కోసమే అయితే, ఎల్‌ఈడీ తెర, పొగ యంత్రం, ఖరీదైన దుస్తులు, బాగా ఆడే ఇరవై మంది పిల్లలు చాలు. చదువుకునే పిల్లలందరి కోసం అయితే ఏర్పాట్లు పూర్తిగా మారిపోతాయి. ప్రతి బిడ్డకూ ఒక నిజమైన పని ఉండాలనీ, ఏ తల్లిదండ్రుల మీదా అదనపు ఖర్చు పడకూడదనీ, ఫలానా సమయానికి ముగించాలనీ ఒక కాగితం మీద రాసి ప్రిన్సిపాల్ గారి సంతకం తీసుకుని దగ్గర పెట్టుకోవడం మంచిది. నవంబరులో ఒత్తిడి పెరిగి ఒక్కొక్కరూ ఒక్కొక్క మాట చెప్పేటప్పుడు ఆ కాగితమే ఆధారమవుతుంది.

జూన్ నెలలోనే వేసుకోవలసిన పట్టిక

పాఠశాల సంవత్సరం జూన్ రెండో వారంలో మొదలై ఏప్రిల్ నాలుగో వారంలో ముగుస్తుంది. మధ్యలో దసరా, సంక్రాంతి సెలవులు, పరీక్షలు పోగా సాంస్కృతిక కార్యక్రమాలకు దొరికే రోజులు తక్కువే గనుక పట్టికను బడి తెరిచిన వారంలోనే వేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో గిడుగు వెంకట రామమూర్తి గారి జయంతి అయిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, తెలంగాణలో కాళోజీ నారాయణరావు గారి జయంతి అయిన సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుతారు. పద్యపఠనానికి, ఏకపాత్రాభినయానికి, అవధాన ప్రదర్శనకు అనువైన రోజులివి. బతుకమ్మ వేడుకను దసరా సెలవులు ఇచ్చే ముందు రోజున, ముగ్గుల పోటీని, భోగిపళ్ళ వేడుకను సంక్రాంతి సెలవులకు ముందు పెట్టుకోవచ్చు. నవంబరు 14 బాలల దినోత్సవం నాడు మాత్రం పిల్లలకు ప్రదర్శనల నుంచి సెలవు ఇచ్చి, ఆ రోజు ఉపాధ్యాయులు వేదిక మీద పాడితే బాగుంటుందని నా అభిప్రాయం. ఏడాదంతా తాము ప్రదర్శిస్తుంటే చూసేవారు ఒక్కరోజు తమ కోసం పాడటం పిల్లలకు ఎంతో నచ్చుతుంది.

వార్షికోత్సవానికి డిసెంబరు రెండో సగం గానీ, సంక్రాంతి సెలవుల తరువాత ఫిబ్రవరి మొదటి వారం లోపు గానీ తగిన సమయం. ఆ తరువాత పదో తరగతి విద్యార్థులు మార్చి పబ్లిక్ పరీక్షల తయారీలో ఉంటారు. కోస్తా జిల్లాల్లో అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం కాబట్టి ఆరుబయట వేదిక వేయడం మంచిది కాదు. డిసెంబరు రాత్రులు మంచు పడుతుంది, అందుచేత చిన్నపిల్లల కార్యక్రమాన్ని సాయంత్రం తరువాత ఉంచకూడదు. రంజాన్ మాసం ఏటా సుమారు పదకొండు రోజులు ముందుగా వస్తుంది గనుక ఉపవాసం ఉండే పిల్లలు, తల్లిదండ్రులు ఇబ్బంది పడకుండా క్యాలెండరులో ఆ నెల ఎప్పుడు పడుతుందో చూసుకోవాలి. క్రిస్మస్‌కు ముందు వారం చర్చి పాటల సాధనలో ఉండే పిల్లలనూ గుర్తుంచుకోవాలి.

వీటన్నింటికన్నా ముఖ్యమైనది నెలవారీ సభ. ప్రతి నెలా ఒక శనివారం చివరి రెండు పీరియడ్లను కేటాయించి, నెలకు రెండు తరగతుల చొప్పున వంతులవారీగా చిన్న సభను నిర్వహించాలి. అలంకరణ ఉండదు, ప్రత్యేక దుస్తులు ఉండవు, అతిథులు ఉండరు. ఒక మైకు, ఒక డోలక్, నేల మీద కూర్చున్న పిల్లలు ఉంటే చాలు. వ్యాఖ్యానం చేసేదీ పిల్లలే, వందన సమర్పణ చేసేదీ పిల్లలే. ఇలా జూలై నుంచి నవంబరు వరకు ఐదు సభలు జరిగేసరికి పది తరగతుల పిల్లల్లో ఎవరు పాడతారో, ఎవరు కథ చెబుతారో, ఎవరు నలుగురిని నడిపించగలరో ఉపాధ్యాయులకు తెలుస్తుంది. వార్షికోత్సవంలోని అంశాలను ఈ సభల్లో ఇప్పటికే పుట్టిన వాటి నుంచి ఎంచుకుని మెరుగుపరిస్తే కొత్తగా తయారు చేయవలసినది చాలా తక్కువ ఉంటుంది. ఈ వ్యాసంలో ఒక్క సూచననే పాటించగలిగితే దీనినే పాటించమని కోరుతాను.

ఏ కళను ఎంత సమయంలో నేర్పగలం?

అంశాలను ఎంచుకునేటప్పుడు ఆ కళ అడిగే సమయాన్ని గౌరవించాలి. కూచిపూడి నాట్యం, కర్ణాటక సంగీతం ఏళ్ళ తరబడి గురువు దగ్గర నేర్చుకునే విద్యలు. బయట నేర్చుకుంటున్న పిల్లలు బడిలో ఉంటే వారి గురువుగారి అనుమతితో, వారు సిద్ధం చేసిన అంశాన్నే ప్రదర్శింపజేయాలి. నెల రోజుల్లో నలభై మందికి నాలుగు ముద్రలు నేర్పి, గజ్జెలు కట్టించి, దానిని కూచిపూడి అని ప్రకటించడం పిల్లలకూ మేలు చేయదు, కృష్ణా జిల్లాలో ఆ పేరు గల గ్రామం తరతరాలుగా కాపాడుకున్న విద్యకూ మేలు చేయదు.

ఆరు నుంచి ఎనిమిది వారాల్లో, వారానికి మూడు పీరియడ్లతో చక్కగా నేర్పగలిగినవి కోలాటం, చెక్కభజన, బుర్రకథ, జానపద బృందగానం, ఏకపాత్రాభినయం, చిన్న నాటిక. కోలాటం ఎక్కువ మంది పిల్లలకు అవకాశం ఇచ్చే కళ. జంటలుగా ఆడేది కాబట్టి పిల్లల సంఖ్య సరిసంఖ్యగా ఉండాలి. ఎవరైనా రాని రోజు జంట చెడకుండా ఒకరిద్దరిని అదనంగా నేర్పి ఉంచాలి. మొదటి వారం కర్రలు ఇవ్వకుండా చేతి చప్పట్లతోనే తాళం, అడుగు నేర్పాలి. రెండో వారం కర్రలు ఇచ్చి నిలుచున్న చోటనే ఎదుటివారి కర్రకు తగిలించడం, ఆ తరువాత వలయంలో తిరగడం, చివరగా లోపలి వలయం, బయటి వలయం ఎదురెదురుగా నడవడం నేర్పితే పిల్లలు తడబడరు. కర్ర చివరలు నున్నగా అరగదీసి ఉండాలి; పొడవు ఆ పిల్లవాడి మోచేతి నుంచి వేలి కొస వరకు ఉంటే పట్టు కుదురుతుంది. హైస్కూలు పిల్లలతో జడకోలాటం కూడా చేయించవచ్చు. పైనుంచి వేలాడే రంగు తాళ్ళను ఒక చేత్తో పట్టుకుని ఆడుతూ జడ అల్లడం ఒక ఎత్తు, అదే వరుసలో వెనక్కు తిరుగుతూ చిక్కుపడకుండా విప్పడం మరొక ఎత్తు. విప్పే భాగానికి అల్లే భాగం కన్నా రెట్టింపు సాధన అవసరం. తాళ్ళు కట్టే స్తంభాన్ని సిమెంటు దిమ్మెలో గట్టిగా నిలబెట్టాలి. వేదిక పందిరి రాటకు ఎన్నడూ కట్టకూడదు.

బుర్రకథకు ముగ్గురు చాలు. మధ్యలో తంబుర పట్టి, వేళ్ళకు అందెలు పెట్టుకుని కథకుడు, రెండు వైపులా డక్కీ వాద్యాలతో వంతలు, అంటే వంత పాడేవారు, నిలబడతారు. వంతల్లో ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు లోకం పోకడ మీద వ్యాఖ్య చేస్తారు. ఆ రెండో వంతను రాజకీయం అని పిలుస్తారు. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గారు ఈ కళకు తెచ్చిన గౌరవాన్ని పిల్లలకు చెప్పి, వారి ప్రదర్శనల రికార్డింగులు వినిపించిన తరువాత సాధన మొదలుపెడితే, గొంతు ఎక్కడ పెంచాలో, కథ ఎక్కడ ఆపి వంత పలకాలో వారికే అర్థమవుతుంది. కథను మాత్రం పిల్లలే రాయాలని నా సూచన. చీరాల చుట్టుపక్కల బడి అయితే 1921లో పురపాలక పన్నులకు ఎదురు తిరిగిన జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో ఇళ్ళు వదిలి ఊరి బయట రామనగరం కట్టుకున్న ఉదంతం ఉంది. విశాఖ మన్యం దగ్గరి వారికి 1922లో మొదలైన అల్లూరి సీతారామరాజు పోరాటం, జనగామ ప్రాంతం వారికి పాలకుర్తి చాకలి ఐలమ్మ గారి భూపోరాటం ఉన్నాయి. తొమ్మిదో తరగతి పిల్లలు ఊరి పెద్దలను అడిగి, సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయుల చేత తేదీలు సరిచూపించుకుని, తెలుగు పండితుల సాయంతో గద్యం, పాట కలిపి రాసుకుంటే పదిహేను నిమిషాల కథ తయారవుతుంది. పన్నెండు నిమిషాలకు కుదిస్తే ఇంకా మంచిది, ఎందుకంటే ముగ్గురే ఉన్న వేదిక మీద చిన్నపిల్లల దృష్టి అంతకన్నా ఎక్కువ సేపు నిలవదు.

సినిమా పాటలు పూర్తిగా వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. పిల్లలకు అవి ఇష్టం, తల్లిదండ్రులకూ ఇష్టం. అయితే ఆ పాటలోని మాటలను ఏడేళ్ళ పాప చేత తల్లిదండ్రుల ముందు మామూలుగా చదివించగలమా అని ప్రతి పాటకూ ప్రశ్నించుకోవాలి. చదివించలేని పాటకు ఆ పాప చేత నృత్యం చేయించకూడదు. సంఖ్య విషయంలో మొత్తం అంశాల్లో నాలుగో వంతుకు మించకుండా చూస్తే సరిపోతుంది.

కళాకారులను పిలిచే తీరు

పిల్లలు ఒక కళను దానిలో జీవించిన వారి నుంచి నేర్చుకోవడానికి, వీడియో చూసి నేర్చుకోవడానికి చాలా తేడా ఉంది. మన జిల్లాలు ఈ విషయంలో సంపన్నమైనవి. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. సిద్దిపేట జిల్లా చేర్యాలలో కథలను గుడ్డ మీద పటాలుగా గీసే నకాషీ చిత్రకారులు, ఎటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసేవారు, కొండపల్లిలో పొనికి కర్ర బొమ్మలు చెక్కేవారు ఉన్నారు. ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్ళు, తెలంగాణ పల్లెల్లో ఒగ్గు కథ, చిందు యక్షగానం, అరకు లోయలో ధింసా ఇప్పటికీ ఆడుతున్నారు. జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్య గారు 2024లో పద్మశ్రీ అందుకున్నారు. ఇంత దూరం వెళ్ళనవసరం లేకుండా, పిల్లల ఇళ్ళలోనే డప్పు వాయించే నాన్న, భజన మండలిలో పాడే తాతయ్య, పద్యనాటకంలో వేషం కట్టిన పెదనాన్న ఉంటారు. జూన్‌లో పిల్లలకు ఒక చిన్న ప్రశ్నావళి ఇచ్చి, తమ ఇంట్లో, వీధిలో ఎవరికి ఏ కళ వచ్చో కనుక్కుని రమ్మంటే, ఉపాధ్యాయులు ఊహించనన్ని పేర్లు వస్తాయి.

పిలిచే పద్ధతిలో కొన్ని విషయాలను కచ్చితంగా పాటించాలి. పారితోషికాన్ని ముందే మాట్లాడి, దారి ఖర్చులతో సహా సగం ముందుగా, మిగిలిన సగం ప్రదర్శన ముగిసిన వెంటనే ఇవ్వాలి. చెక్కు మరో వారంలో పంపిస్తామని చెప్పి రోజు కూలి మీద బతికే కళాకారులను తిప్పించుకోకూడదు. ముఖ్య అతిథిని ఆహ్వానించడానికి డప్పు కళాకారులను గేటు దగ్గర ఎండలో నిలబెట్టి, ఆ తరువాత వేదిక ఎక్కే అవకాశమే ఇవ్వకుండా పంపించే అలవాటు చాలాచోట్ల ఉంది. అది మానాలి. డప్పుకు వేదిక మీద పది నిమిషాలు కేటాయించి, కళాకారుల పేర్లు ఆహ్వాన పత్రికలో అచ్చు వేయించి, అతిథులతో సమానంగా భోజనం పెట్టి, శాలువా కప్పాలి. ఈ కళల్లో చాలావాటిని ప్రత్యేక కులాలు, తెగలు తరతరాలుగా మోసుకొచ్చాయి. ఆ సంగతిని పిల్లలకు దాచకుండా, చిన్నబుచ్చకుండా, ఆ కళాకారుల నోటితోనే చెప్పించాలి. ధింసా, గుస్సాడీ వంటి గిరిజన నృత్యాలను ఆ సమాజాల వారు లేకుండా, నెమలి ఈకల కిరీటాలు అద్దెకు తెచ్చి పిల్లల చేత వేషం వేయించడాన్ని నేను సమర్థించలేను.

ప్రదర్శన మాత్రమే పెట్టి పంపించకుండా, పగలు రెండు గంటల శిక్షణ తరగతి కూడా కోరాలి. 2020 నాటి జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజుల పాటు సంచీ లేని బడిని, ఆ రోజుల్లో స్థానిక వృత్తి నిపుణులతో, కళాకారులతో గడపడాన్ని సూచించింది. యాజమాన్యం పాఠాలు పోతాయని అభ్యంతరం చెబితే ఆ విధానాన్నే చూపించవచ్చు. తోలుబొమ్మల శిక్షణలో అసలు బొమ్మలను మేక తోలుతో చేసే విధానాన్ని కళాకారులు చూపిస్తే, పిల్లలు దళసరి అట్టను కత్తిరించి, కళ్ళు, నగల దగ్గర రంధ్రాలు చేసి, రంగు గాజు కాగితం అంటించి, వెదురు పుల్ల కట్టి తమ బొమ్మను తయారు చేసుకోవచ్చు. తెల్ల పంచెను తెరగా కట్టి, వెనుక ఎల్‌ఈడీ దీపం పెడితే తరగతి గదిలోనే ఆట మొదలవుతుంది. పూర్వం వాడిన నూనె దీపాలు గానీ, వేడెక్కే పెద్ద బల్బులు గానీ పిల్లలున్న గదిలో వద్దు.

పండుగలను బడిలో జరిపేటప్పుడు

బతుకమ్మ తొమ్మిది రోజుల పండుగ. పెత్రమాస (మహాలయ అమావాస్య) నాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. బడిలో ఒక్క పూటే జరిపినా, పేర్చడాన్ని పిల్లలే చేయాలి. ముందు రోజు సాయంత్రం గునుగు పూలను కట్టలు కట్టి రంగులద్ది ఆరబెట్టడం, ఉదయాన్నే తాంబాళంలో గుమ్మడి ఆకు పరిచి తంగేడు, గునుగు, కట్ల, బంతి పూలను వరుసలుగా పేర్చడం, పైన పసుపు గౌరమ్మను నిలపడం ఎలాగో నేర్పడానికి ఐదారుగురు అమ్మమ్మలను, నానమ్మలను పిలవాలి. వారు పాడే ఉయ్యాల పాటలను పిల్లలు ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి; ప్రతి ఏడాదీ కొన్ని పాటలు చేరితే కొన్నాళ్ళకు అది ఆ ఊరి పాటల పుస్తకం అవుతుంది. వలయంలో ఆడుతున్నప్పుడు పెద్ద సౌండ్ బాక్సుల్లో రికార్డు పాటలు పెడితే అమ్మమ్మల గొంతు వినబడదు గనుక వాటిని పూర్తిగా ఆపేయాలి. నిమజ్జనానికి పిల్లలను చెరువు గట్టుకు తీసుకువెళ్ళవద్దు, బడి ఆవరణలోనే నీటి తొట్టె ఏర్పాటు చేసుకోవాలి. బతుకమ్మ కొనుక్కుని రమ్మనడం, పోటీ పెట్టి ఎత్తైన దానికి బహుమతి ఇవ్వడం డబ్బున్న ఇళ్ళకే పండుగను పరిమితం చేస్తాయి. తరగతికి ఒక బతుకమ్మను అందరూ కలిసి పేర్చితే ఆ ఇబ్బంది ఉండదు.

సంక్రాంతికి ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసు పాట, చిన్నపిల్లలకు రేగుపళ్ళతో భోగిపళ్ళు పోయడం సరిపోతాయి. గంగిరెద్దును పిలిస్తే పిల్లలు తాకకుండా, బాణసంచా, పెద్ద చప్పుళ్ళు లేకుండా చూడాలి. గాలిపటాలు ఎగరవేయిస్తే నూలు దారమే వాడాలి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. ఏ మతపు పండుగలోనైనా పూజ భాగంలో పాల్గొనాలా వద్దా అన్నది పిల్లల, తల్లిదండ్రుల ఇష్టానికి వదలాలి. పాట, ఆట, ముగ్గు, వంటకం అందరివీ. హిందూ పండుగలను ఘనంగా జరిపే బడి క్రిస్మస్ పాటలకు, రంజాన్ శుభాకాంక్షలకు కూడా అదే శ్రద్ధ చూపినప్పుడే ఆ బడిలో చదివే ప్రతి ఇల్లూ తనదిగా భావిస్తుంది.

పాత్రలు, సాధన, దుస్తులు

ఎనిమిది వందల మందిని ఒకే సాయంత్రం వేదిక ఎక్కించడం సాధ్యం కాదు. ఒక్కొక్క అంశానికి ఇరవై ఐదు మంది, ఆరు నిమిషాలు, మధ్యలో రెండు నిమిషాలు అనుకున్నా ముప్ఫై రెండు అంశాలకు నాలుగు గంటలు దాటుతుంది. కాబట్టి నర్సరీ నుంచి ఐదో తరగతి వరకు ఒక రోజు ఉదయం, ఆరు నుంచి పదో తరగతి వరకు మరునాడు సాయంత్రం జరపాలి. ఒక్కొక్క పూట పద్నాలుగు అంశాల వరకు రెండు గంటల్లో పూర్తవుతాయి. అరవై మందితో ఒక బృందగానం పెట్టుకుంటే చాలామందికి చోటు దొరుకుతుంది. వేదిక ఎక్కని వారికి రంగస్థల అలంకరణ, తెర లాగడం, సౌండ్ దగ్గర పాటల వరుస చూడటం, వ్యాఖ్యానం, చిత్రకళా ప్రదర్శన దగ్గర సందర్శకులకు వివరించడం, తాతయ్యలను కుర్చీల దాకా తీసుకువెళ్ళడం వంటి పనులు ఇవ్వాలి. ఆ పనులు చేసిన వారి పేర్లు కూడా వేదిక మీద చదవాలి. నడవలేని పిల్లవాడిని చివరి వరుసలో కూర్చోబెట్టడం కాదు, అతని చేత డక్కీ పట్టించి బుర్రకథలో వంతగా వేదిక ముందుకు తేవడం సాధ్యమే.

సాధనను మధ్యాహ్న భోజనం తరువాతి ఒకటి రెండు పీరియడ్లకు పరిమితం చేసి, ఏ సబ్జెక్టు పీరియడ్ వారంలో ఒకసారికి మించి పోకుండా వంతులు వేసుకోవాలి. తప్పు అడుగు వేసిన పిల్లను అందరి ముందు తిట్టడం, కోలాటం కర్రతో కొట్టడం ఎంతమాత్రం తగదు. 2009 నాటి విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. బయటి నుంచి వచ్చే డ్యాన్స్ మాస్టారుకు ఈ మాట మొదటి రోజే చెప్పాలి, ప్రతి సాధనలోనూ బడి ఉపాధ్యాయిని ఒకరు ఉండాలి.

దుస్తులకు వెయ్యి రూపాయలు తెమ్మని చీటీ పంపగానే కొందరు పిల్లలు తమకు ఇష్టం లేదని చెప్పి తప్పుకుంటారు. అది ఇష్టం లేకపోవడం కాదు, ఇంట్లో అడగలేకపోవడం. అందుచేత అద్దె దుస్తులను సాధ్యమైనంత మానుకుని, ఇళ్ళలో ఉండే తెల్ల పంచెలు, లంగా ఓణీలు, అమ్మ నేత చీరలతో సరిపెట్టే అంశాలను ఎంచుకోవాలి. అద్దె తప్పనిసరైన చోట ఖర్చును బడి భరించాలి. వాడిన దుస్తులను పారేయకుండా ఒక బీరువాలో భద్రపరిస్తే మూడు నాలుగేళ్ళలో బడికి సొంత దుస్తుల నిల్వ ఏర్పడుతుంది. దుస్తులు మార్చుకునే గదులు ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరుగా ఉండాలి. ఆడపిల్లల గది దగ్గర ఉపాధ్యాయినులు, ఆయాలు మాత్రమే ఉండాలి, ఎవరి ఫోనూ లోపలికి వెళ్ళకూడదు.

వేదిక, విద్యుత్తు, జన నియంత్రణ

ఈ భాగాన్ని టెంట్ హౌస్ వారికి వదిలేసి ఊరుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలిలో ఒక పాఠశాల వార్షికోత్సవం జరుగుతుండగా షార్ట్ సర్క్యూట్ వల్ల షామియానాకు నిప్పంటుకుని నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. మరణించిన వారిలో ఎక్కువ మంది పిల్లలు, తల్లులే. కృత్రిమ నూలు గుడ్డ పైకప్పు మండుతూ జనం మీద పడింది, బయటికి వెళ్ళే దారి సరిపోలేదు. ఆ ప్రమాదానికి దారి తీసిన పరిస్థితులు నేటికీ మన ఊళ్ళలో కనిపిస్తాయి: అతుకుల వైర్లు, గుడ్డను ఆనుకుని వేడెక్కే ఫోకస్ లైట్లు, మూడు వైపులా మూసిన పందిరి, బయటికి వెళ్ళే దారికి అడ్డంగా కుర్చీలు.

వీలైతే పైకప్పు లేకుండా ఆరుబయట వేదికకే మొగ్గు చూపాలి. పందిరి తప్పనిసరైతే కనీసం రెండు పక్కలు తెరిచి ఉంచి, ఎదురెదురు దిశల్లో వెడల్పైన దారులు వదిలి, వాటిలో కుర్చీలు గానీ మోటారు సైకిళ్ళు గానీ పెట్టకుండా ఇద్దరు మనుషులను కాపలా ఉంచాలి. విద్యుత్తు పనిని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చేయించి, ప్రత్యేక మీటరు లేదా జనరేటరు, ఎర్త్, ట్రిప్ అయ్యే స్విచ్ ఉన్నాయో లేదో ముందు రోజే చూసుకోవాలి. జనరేటరును పందిరికి దూరంగా పెట్టాలి. అగ్నిమాపక శాఖకు ముందుగా తెలియజేసి, మంటలను ఆర్పే సిలిండర్లు, ఇసుక బకెట్లు వేదిక పక్కన, సౌండ్ దగ్గర ఉంచి, వాటిని వాడటం తెలిసిన వారిని అక్కడే నిలబెట్టాలి. వేదిక మీద జ్యోతి ప్రజ్వలన అయిన తరువాత ఆ దీపపు సెమ్మెను పిల్లల ఓణీలు తగలని చోటికి జరపాలి. చాలా బడుల్లో ఇది మరచిపోతారు. వేదిక ఎక్కే మెట్లకు రెండు వైపులా పట్టుకోవడానికి కర్ర ఉండాలి.

మైకుకు స్థానిక పోలీసు అధికారుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు లౌడ్ స్పీకర్లు వాడకూడదు. ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా పరిగణిస్తారు గనుక పక్కన ఆసుపత్రి ఉంటే ఫంక్షన్ హాలులోకి మారడమే మంచిది. కార్యక్రమం ఎటూ రాత్రి ఎనిమిదిన్నరకు ముగియాలి, పిల్లలు మరునాడు ఉదయం లేవాలి.

వరుసలో చిన్నపిల్లల అంశాలు ముందు రావాలి. వారి ప్రదర్శన ముగియగానే పాలు, బిస్కెట్లు ఇచ్చి, ప్రవేశ సమయంలో ఇచ్చిన టోకెను చూపిన తల్లిదండ్రులకే అప్పగించాలి. ప్రకటించిన సమయానికి ముఖ్య అతిథి రాకపోయినా కార్యక్రమం మొదలుపెట్టాలి. వారు వచ్చినప్పుడు నడుస్తున్న అంశం పూర్తయ్యాకనే వేదిక మీదకు ఆహ్వానించాలి. నివేదిక, ప్రసంగాలు, సన్మానాలు అన్నీ కలిపి ఇరవై నిమిషాలు మించనీయకూడదు. మేకప్ వేసుకుని మెట్ల దగ్గర నిలబడిన పిల్లలకు ఒక్కొక్క ప్రసంగం ఎంత పొడవుగా ఉంటుందో పెద్దలు ఆలోచించాలి.

ముగిసిన తరువాత

మరునాడే అద్దె వస్తువులు లెక్క చూసి పంపించి, ఖర్చుల పట్టికను నోటీసు బోర్డు మీద పెట్టాలి. అదే వారంలో ప్రతి తరగతిలో ఒక పీరియడ్ తీసుకుని, ఏది నచ్చిందో, ఎక్కడ ఇబ్బంది పడ్డారో, వచ్చే ఏడాది ఏమి నేర్చుకోవాలనుకుంటున్నారో పిల్లల చేత రాయించాలి. బాగా చేసిన తొమ్మిది, పది తరగతుల విద్యార్థులను కేంద్ర విద్యాశాఖ 2015 నుంచి నిర్వహిస్తున్న కళా ఉత్సవ్ జిల్లా స్థాయి పోటీలకు సిద్ధం చేయవచ్చు. ప్రైవేటు బడి పిల్లలకు కూడా అందులో ప్రవేశం ఉంది.

వీడియోల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. బడి కార్యకలాపాల్లో భాగంగా ఉపాధ్యాయులు, విద్యార్థులు, తల్లిదండ్రుల మధ్య రికార్డు పాటలు వాడటానికి 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అదే పాటతో ఉన్న నృత్యాన్ని యూట్యూబులో పెట్టడానికి ఆ మినహాయింపు వర్తిస్తుందని అనుకోకూడదు. పిల్లల ముఖాలు కనిపించే వీడియోలను, ఫొటోలను అడ్మిషన్ల ఫ్లెక్సీలకో, సామాజిక మాధ్యమాలకో వాడే ముందు తల్లిదండ్రుల సంతకం ఉన్న అనుమతి పత్రం ఉండాలి. బయటి కళాకారుల ప్రదర్శనను చిత్రీకరిస్తే వారి అనుమతి తీసుకుని, ఒక ప్రతిని పెన్‌డ్రైవ్‌లో వారికి అందజేయాలి. ఆ వీడియో చూపించి మరో బడిలోనో, మరో ఊరి ఉత్సవంలోనో ప్రదర్శన సంపాదించుకోవడానికి వారికి అది ఉపయోగపడుతుంది.